బంపర్ కింద భోజనం

ఎడమ బ్రాకెట్ అరంగుళం పొట్టి పడింది.

పొద్దున్న అందరి ముందూ పెద్ద కోతలు కోశాను. "మూడు రోజుల పని అంటారు గానీ, నేను చెయ్యి వేస్తే మధ్యాహ్నం భోజనాల వేళకి బంపర్ జీపు మీద ఉంటాది" అని. ఇప్పుడు చూస్తే కొలత తప్పింది. కొత్త ముక్క కోసి, కన్నాలు వేసి, మళ్లీ బిగించాలంటే ఆ రోజుకి అయ్యే పని కాదు.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. నా వెల్డింగ్ సంగతి మీకు తెలీదు. నేను రాడ్డు అంటిస్తే కోసు దూరంలో గొర్రెలు కళ్లు మూసుకునేవి. ఒకసారి నేను వేసిన అతుకు చూసి ఒక కంసాలి, "ఇది ఇనుమా, జడగంటల గొలుసా?" అని అడిగి అక్కడికక్కడే మూర్ఛపోయాడు. రెండు బిందెల నీళ్లు చల్లితే గానీ లేవలేదు. ఘాట్ రోడ్డెక్కే లారీలన్నీ మా రేకుల షెడ్డు ముందు ఆగేవి. సగం రిపేరుకి, సగం నన్ను చూడ్డానికి.

షెడ్డు నాది కాదు. మా ఉస్తాద్ మీరాసాహెబ్ గారిది. ఆయన రోజంతా కలిపి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. భార్య పోయాక అదీ తగ్గింది. మధ్యాహ్నం మేమంతా రోడ్డవతల హోటల్లో లారీ డ్రైవర్ల మధ్య కూర్చుని తినేవాళ్లం. నేను కథలు చెప్పేవాణ్ణి, వాళ్లు నవ్వేవారు. ఉస్తాద్ మాత్రం షెడ్డులోనే గోడవైపు తిరిగి తన గిన్నె తను విప్పుకునేవాడు. మూడేళ్లలో నన్ను ఒక్కనాడూ పక్కన కూర్చోమన్నది లేదు.

జీపు గంగునాయుడు గారిది. కొండ మీద వైర్‌లెస్ టవర్ ఉంది. దాన్ని కనిపెట్టుకుని పైన ఉండేది ఆయనొక్కడే. పదిహేను రోజులకొకసారి సరుకులకి దిగేవాడు. దిగిన రోజున మనిషి కనిపిస్తే చాలు, ఆపకుండా మాట్లాడేవాడు. టీ చల్లారిపోయేది, ఆయన మాట ఆగేది కాదు.

"పోయిన వానల్లో బురదలో దిగబడిపోయానయ్యా అప్పలకొండా," అని ఆ పొద్దున చెప్పాడు. "రెండు రోజులు జీపులోనే కూర్చున్నాను. వచ్చిన పాటలన్నీ పాడేశాను. అయిపోయాయి. మళ్లీ మొదట్నుంచి ఎత్తుకున్నాను."

చెప్పి నవ్వాడు. మేమూ నవ్వాం. ఉస్తాద్ నవ్వలేదు.

అందుకే గంగునాయుడు గారికి వించ్ కావాల్సొచ్చింది. మిలటరీ వేలంలో ఎక్కడో పాతది దొరికింది. గుండ్రటి డ్రమ్ము, దాని మీద చుట్టిన ఇనప తాడు, తాడు కొసన కొక్కెం. కొక్కేన్ని ముందున్న చెట్టుకి తగిలించి మోటారు తిప్పితే, దిగబడ్డ బండి తనను తానే పైకి లాక్కుంటుంది. కాకపోతే ఆ లాగుడంతా మోసేది బంపర్. బజార్లో దొరికే రేకు బంపర్ అప్పడంలా ఊడొస్తుంది. కాబట్టి మందపాటి ఇనప చానల్ కోసి, రెండు బ్రాకెట్లతో బండి అడుగు చట్రానికి, అంటే చాసిస్‌కి పట్టించి, సొంతంగా తయారు చెయ్యాలి.

"దీంతో కొండని లాగారనుకోండి," అన్నాను నేను, "కొండే మీ దగ్గరకొస్తాది బాబూ!"

"వస్తే మంచిదే," అన్నాడు గంగునాయుడు గారు. "మాట్లాడ్డానికి తోడుంటాది." సాయంత్రం కొండెక్కేస్తానని చెప్పి బజారుకెళ్లాడు. అప్పటికే కొండల మీద మబ్బు కమ్ముతోంది.

ఇక నేను చేసిందేమిటో చెప్తాను. బ్రాకెట్‌కీ చాసిస్‌కీ మధ్య అరంగుళం సందు మిగిలింది కదా. అందులో వాడి పారేసిన రాడ్డు ముక్కలు నాలుగు కూరాను. వాటి మీద వెల్డింగ్ పూత పూశాను. గ్రైండర్ పెట్టి నున్నగా అరగదీశాను. నల్లరంగు కొట్టాను. ఆ పనితనం చూడాలి మీరు! ఆ నునుపు మీద ఈగ వాలినా జారి పడాల్సిందే. లోపలేముందో ఇనుముకి తెలుసు, నాకు తెలుసు.

హోటల్లో ఇంకా విస్తరి కూడా వెయ్యలేదు, నా బంపర్ జీపు మీద ఉంది.

"అయిపోయింది ఉస్తాద్!" అని షెడ్డు రేకులు అదిరేలా అరిచాను.

ఉస్తాద్ వచ్చాడు. వంగి చూడలేదు. సుత్తితో తట్టలేదు. జీపు వెనక చక్రాలకి రాళ్లు పెట్టాడు. పైన దూలానికి వేలాడే చైన్ పుల్లీ కిందికి దించి, దాని కొక్కేన్ని వించ్ కొక్కెంలో వేశాడు. గొలుసు లాగడం మొదలెట్టాడు. గరగరమంటూ జీపు ముందు భాగం లేచింది. మోకాలెత్తు, తొడెత్తు, నడుమెత్తు. అక్కడ ఆపాడు. జీపు మూతి బరువంతా నా బంపర్ మీద వేలాడుతోంది.

అప్పుడు ఉస్తాద్ చాప తెచ్చి సరిగ్గా బంపర్ కింద పరిచాడు. గిన్నె తెచ్చుకున్నాడు. కూర్చున్నాడు. ఆయన టోపీకీ నా నల్లరంగుకీ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉంది.

"రారా," అన్నాడు, పక్కన చోటిస్తూ. "ఇద్దరికీ సరిపోతాది. వంకాయ కూర."

మూడేళ్లకి మొదటిసారి పిలిచాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"ఆకలి లేదు ఉస్తాద్."

"నీకా?"

"పొద్దున్న ఇడ్లీలు ఎక్కువైపోయాయి."

"సరే." బిస్మిల్లా అనుకుని ముద్ద కలిపాడు.

"బయట తినండి ఉస్తాద్, గాలొస్తాది."

"నీడ ఇక్కడే బాగుంది."

రెండో ముద్ద. హోటల్లోంచి ఎవరో, "అప్పలకొండా, నీ కథ లేక అన్నం దిగట్లేదురా!" అని కేకేశారు. పైన గొలుసు కొంచెం కదిలి 'టిక్' మంది. రోడ్డు మీద లారీలు, హోటల్ గోల, అన్నీ ఎక్కడికో దూరం పోయాయి. ఆ ఇనుము, దాని కింద ఆ ముసలాయన, నేను. అంతమంది జనంలో ఉంటూ అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను. చెప్పుకోడానికి ఎవరూ లేరు, ఎందుకంటే తెలిసింది నాకొక్కడికే.

ఉస్తాద్ గంటసేపు అలా కూర్చున్నాడని చెప్పాలనుంది నాకు. లేదు. నాలుగు ముద్దలు. అంతే.

"ఉస్తాద్, లెగండి."

"ఏం?"

"ముందు లెగండి."

"అన్నం తింటన్నాను కదరా."

"ఎడమ బ్రాకెట్ పొట్టి పడింది ఉస్తాద్. సందులో రాడ్డు ముక్కలు కూరాను. లెగండి, మీ కాళ్లు పట్టుకుంటాను, లెగండి!"

ఉస్తాద్ నోట్లో ముద్ద పూర్తిగా నమిలాడు. గిన్నెకి మూత పెట్టాడు. బంపర్ తలకి తగలకుండా వంగి, మోకాళ్ల మీద బయటికొచ్చాడు. చాప దులిపాడు. నన్ను తిట్టలేదు, కొట్టలేదు. తిడితే బాగుండునని నిలబడ్డాను. గొలుసు వదులుతూ జీపుని మెల్లగా దించాడు. చక్రాలు నేలని తాకాయి.

"గంగునాయుడు గారికి ఇవాళ అవదని ఏ మొహం పెట్టుకుని చెప్పను ఉస్తాద్?" అన్నాను. "అందరి ముందూ మాటిచ్చాను."

ఉస్తాద్ కొండ వైపు చూశాడు. మబ్బు దిగిపోయి టవర్ కనిపించడం లేదు.

"నన్ను లెగమనడానికి నువ్వున్నావు," అన్నాడు. "అక్కడ ఆయనకెవరున్నారు?"