చేపల కంపు పూసుకున్న కావలి కుక్క

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గొర్రెలకు కళ్లుండవు. ఒకదాని పొట్ట కిందికి ఇంకొకటి తల దూర్చి, ముద్దగా నిలబడిపోతాయి. తలకాయలకు నీడ దొరుకుతుంది గానీ, ఎవరొచ్చారో ఎవరు పోయారో కనిపించదు. ఆ వేళ వాటికి ఉన్నదల్లా ముక్కు ఒక్కటే.

ఓదెలు మంద మొక్కజొన్న కోసిన చేనులో దిగి పది రోజులైంది. నూట ఇరవై గొర్రెలు, వాటి ముందు నడవడానికి మెడలో గంట కట్టిన ముసలి మేక, కాపలాకు కర్రిగాడనే నల్ల కుక్క. చేను పక్కనే కుంట. నీళ్లు అడుగంటి, చచ్చిన చేపలు బురదలో కుళ్లుతున్నాయి. కుంట అవతలి తుప్పల్లో ఒక నక్క ఉంది.

ఆ రోజు కూడా కర్రిగాడు వీపంతా చేపల కంపుతో వచ్చాడు. ఓదెలు భార్య కొమురమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

“థూ! మళ్ల పూసుకొని వచ్చినవా? నీ మొహం మండ, అవతలికి పో!” అని కట్టె విసిరింది.

దెబ్బ నడుముకు తగిలింది. కర్రిగాడు కుయ్యిమంటూ చేను చివరి గట్టు దాకా పోయి పడుకున్నాడు. ఆ మధ్యాహ్నమే మందలోంచి ఒక గొర్రెపిల్ల పోయింది. తల్లి అరుచుకుంటూ తిరుగుతుంటే ఓదెలు వచ్చి నేల మీద నెత్తుటి చుక్కలు చూశాడు.

“ఇంకొక్క పిల్ల పోయిందంటే ఈ కుక్కను తరిమేస్త. వీనికి తిండి దండుగ,” అన్నాడు.

ఆ మాట కర్రిగాడు విన్నాడు. మేక కూడా విన్నది. విని, గొర్రెల దగ్గరికి నడిచింది.

“మీ నడుమకు ఎవడొచ్చిండే?”

“ఎవరొస్తరక్కా, మన కర్రిగాడే. చేపల కంపు కొట్టింది. రోజూ కొట్టేదే గద అని మేము తల ఎత్తలే.”

“కర్రిగాడు అప్పుడు గట్టు మీద పండుకొని ఉన్నడు గదనే!”

మేక గట్టెక్కి కర్రిగాడి దగ్గరికి పోయింది.

“ఏరా, ఆ కుళ్లుల ఎందుకు దొర్లుతున్నవ్?”

“అది వీరుల పని అక్కా.”

“ఎవడు చెప్పిండు?”

“నక్క మామ. మా తాతలు తోడేళ్లంట. వేటకు పోయే ముందు కుళ్లుల దొర్లి తమ వాసన దాచుకునేటోళ్లంట. జింకలు పక్కకొచ్చినా కనిపెట్టకపోయేటియంట. నీ ఒంట్ల కూడ ఆ నెత్తురే ఉంది అల్లుడా అన్నడు.” కర్రిగాడు గొంతు తగ్గించాడు. “నిజం చెప్పాల్నంటే, ఆ వాసన తగిలితే నా భుజం దానంతటదే వంగిపోతదక్కా. చిన్నప్పటి సంది అంతే.”

“నక్క అబద్ధం చెప్పలే. సగం చెప్పిండు. నీ తాతలు చాటుగ పోయి పట్టుకునేటోళ్లు, దాచుకున్నరు. నువ్వు కావలోనివి. నువ్వు ఎవరికి కనిపించకుంట దాచుకుంటున్నవ్? నీ వాసన తగిలితే దొంగ ఉరకాలె, గొర్రె నిమ్మళంగ నిలబడాలె. ఇప్పుడు నీదీ వానిదీ ఒకటే కంపు. వాడు ఆ చేపల మీదనే దొర్లి, నీ లెక్క నడిచొచ్చి పిల్లను ఎత్తుకపోయిండు.”

కర్రిగాడి చెవులు వాలిపోయాయి. “పొద్దుగాల నా పక్కనే దొర్లిండక్కా. దోస్తు అనుకున్న.”

“ఇంక మానెయ్.”

“కొమురమ్మ అన్ని దెబ్బలు కొట్టినా మానలేకపోయిన గద!”

“దెబ్బలతోని ఎట్ల మానుతవ్? దొర్లేది కుంట కాడ, దెబ్బ పడేది మంద కాడికొచ్చినంక. నువ్వు నేర్చుకున్నదేంది? మంద కాడికి రావద్దని.”

“అవునక్కా! నేను గదే అనుకున్న!”

మేక నవ్వు ఆపుకుంది. “ఇగ విను. నీ ముక్కు నేలకు ఆనంగనే నేను గంట కొడత. భుజం వంగకముందే వెనక్కి ఉరికి రావాలె. వంగినంక ఇంద్రుడొచ్చి పిలిచినా నీకు వినపడదు.”

“వస్తే ఏమిస్తవ్?”

“అడగనే అడిగినవా! సక్కగ కొమురమ్మ ముందర కూసో. శుభ్రంగ ఉన్న నిన్ను చూసి ఆమె రొట్టె ముక్క ఎయ్యకుంటే నా గంట తీసేస్త.”

“మరి వీపు దురద పెడితే?”

“గొర్రెలు పండుకున్న గడ్డిల దొర్లు. పూసుకుంటే మా వాసనే పూసుకో.”

మరునాడు పొద్దున్నే కర్రిగాడు తనంతట తానే చేనులోని బోరు మోటారు నీళ్ల ధార కింద నిలబడ్డాడు. కొమురమ్మ ఆశ్చర్యపోయి, కుంకుడుకాయ నురుగుతో రుద్ది కడిగింది. ఒళ్లు ఆరిందో లేదో వాడి ముక్కు కుంట వైపు లాగింది. గణగణమని గంట. వాడు ఆగాడు, వెనక్కి చూశాడు, వచ్చి కొమురమ్మ ముందు కూర్చున్నాడు.

“ఇట్లుంటే ఎంత ముద్దుగున్నవురా!” అని ఆమె జొన్నరొట్టె తుంచి వేసింది.

ఆ రోజు గంట తొమ్మిదిసార్లు మోగింది. ఎనిమిదిసార్లు వాడు గెలిచాడు. తొమ్మిదోసారి భుజం వంగింది, మళ్లీ స్నానం. ఈసారి కొమురమ్మ కొట్టలేదు, రొట్టె మాత్రం వేయలేదు. కొట్టినదానికంటే అదే వాడికి ఎక్కువ తగిలింది. మూడో రోజుకి గంట ఒక్కసారే మోగింది. దురద పుట్టినప్పుడల్లా వాడు గొర్రెల గడ్డిలో నాలుగు కాళ్లూ పైకెత్తి దొర్లేవాడు.

అప్పుడు మేక గొర్రెలను పిలిచింది. “ఇక మీద చేపల కంపు తగిలితే వాడు మనోడు కాదు. అరవొద్దు, చెదరొద్దు. ఇంకింత దగ్గరికి జరగండి.”

“ఉరికితే మంచిది గదక్కా?”

“మీరు ఉరికితే పిల్లలు వెనకపడతయి. వానికి కావాల్సింది గదే.”

నాలుగో రోజు ఎండ నడినెత్తికొచ్చింది. గొర్రెలు తలలు దూర్చేశాయి. నక్క కుంట ఒడ్డు నుంచి పిలిచింది.

“అల్లుడా, మూడు రోజులాయె, వస్తలేవేంది?”

కర్రిగాడు చేను చివరి గట్టు మీద నుంచే బదులిచ్చాడు. “నువ్వు కానియ్ మామా. నన్ను ఇక్కణ్నుంచి కదలొద్దన్నరు.”

కుక్క దూరంగా ఉందని నక్క మురిసిపోయింది. వీపు, మెడ, చెవుల వెనక దాకా చేపల మీద దొర్లింది. తోక పైకెత్తి, కర్రిగాడి నడక నడుస్తూ మందలోకి దూరింది. నడి మధ్యలో ఒక పిల్ల కనిపించింది.

“నేనే, మీ కర్రిగాణ్ని. జరగండి, జరగండి,” అంది గొంతు మార్చి.

“జరుగుతున్నం నాయనా,” అంది ఒక ముసలి గొర్రె. జరిగింది, దగ్గరికి. దాని వెనకది జరిగింది. నూట పందొమ్మిది గొర్రెలూ జరిగాయి. నక్క పక్కటెముకలు ఒకదానికొకటి తగిలాయి. ముందుకు పోదామంటే ఉన్ని, వెనక్కి పోదామంటే ఉన్ని.

అప్పుడు మేక గంట కొట్టింది.

కర్రిగాడు గట్టు దిగి గొర్రెల వీపుల మీదుగా దూకి వచ్చాడు.

“అల్లుడా! మనది ఒకటే నెత్తురు గద!” అంది నక్క.

“నా ఒళ్లు వాసన చూసి చెప్పు మామా, నేనెవరి వాణ్నో.”

నక్క మూతి ముందుకు చాచింది. ముక్కుకు తగిలింది గొర్రెల వాసన. ఆ తర్వాత తగిలినవి కర్రిగాడి పళ్లు. గొర్రెలు దారి వదలగానే మేక కొమ్ములు తగిలాయి, అటు నుంచి ఉరికొచ్చిన ఓదెలు దుడ్డుకర్ర తగిలింది. నక్క సగం తోక చేనులోనే వదిలి కుంట దాటింది.

ఓదెలు పిల్లలను రెండుసార్లు లెక్కపెట్టాడు. ఒక్కటీ తగ్గలేదు. తరిమేస్తానన్న కుక్కను దగ్గరికి లాక్కొని మెడ నిమిరాడు. “నువ్వు లేకుంటే నా మంద లేదురా,” అన్నాడు. కొమురమ్మ రొట్టె తుంచకుండా మొత్తం కర్రిగాడి ముందు పెట్టింది. వాడు తినడం అయిపోగానే, నక్క ఎత్తుకుపోవాలనుకున్న పిల్ల వచ్చి వాడి పొట్ట నీడలో తల దూర్చింది.

నక్క ఒంటి కంపు మాత్రం వానలు పడే దాకా పోలేదు. ఏ పొద దగ్గరికి వెళ్లినా కుందేళ్లు ముందే లేచి, “చేపల మామ వస్తున్నడు, పదండి!” అని నవ్వుతూ వెళ్లిపోయేవి.

దొంగ పూసుకున్నదే కావలివాడు కూడా పూసుకుంటే, ఇంటివాళ్లకు ఇద్దరూ ఒక్కటే.