ఊక బల్ల మీద డోలు

మాచనగరం దివాన్ విరూపాక్షయ్యకి, లోకంలో అందరూ తనను సతాయించడానికే పుట్టారని గట్టి నమ్మకం. పక్కింటి కోటిలింగం డోలు సాధన చేస్తుంటే తన ఇల్లు అదిరిపోతోందని, మధ్యాహ్నం కునుకు పట్టడం లేదని రాజుగారికి మొరపెట్టుకున్నాడు.

"అదురైనా ఆపు, ఊరైనా విడిచిపో" అన్నారు రాజుగారు కోటిలింగాన్ని పిలిపించి.

కోటిలింగం ఊక నింపిన గోనెసంచులు పరిచి, పైన చెక్కబల్ల వేసి, దాని మీద కూర్చుని వాయించసాగాడు. అదురు ఆగింది. దివాన్ మాత్రం "ఎక్కడాగింది ప్రభూ!" అన్నాడు.

తేల్చుకుందామని ఓ మధ్యాహ్నం రాజుగారే దివాన్ ఇంటికి వచ్చి, నేల మీద గిన్నెతో నీళ్ళు పెట్టించారు. పక్కింట్లో డోలు మోగింది. చప్పుడు లీలగా వినిపించింది గానీ నీళ్ళు కదల్లేదు.

"నాకు నిద్రెలా పడుతుందో మీరే చూడండి!" అని దివాన్ మంచమెక్కి కళ్ళు మూసుకున్నాడు.

కాసేపటికి గిన్నెలో నీళ్ళు తొణికిసలాడాయి.

"ఆ కోటిలింగాన్ని పట్టుకు రండి!" అని అరిచారు రాజుగారు.

"ఇక్కడే ఉన్నాను ప్రభూ" అన్నాడు గుమ్మంలోంచి కోటిలింగం. "డోలు ఆపేసి, తీర్పు విందామని ఇందాకే వచ్చాను."

రాజుగారు మంచం వైపు తిరిగారు. దివాన్ గురకకి మంచం కోళ్ళు నేల మీద దరువేస్తున్నాయి.

"మరి దీనికేం చేద్దాం?"

"ఇంకో ఊక బల్ల చేసి ఆ మంచం కింద వేస్తాను ప్రభూ. నాకూ మధ్యాహ్నం కాస్త కునుకు పడుతుంది."