ఆఖరి పంక్తి

మా చయనులు గారిని ఎవరేది అడిగినా నోటితో జవాబు చెప్పరు. "పదండి, చూద్దాం" అంటారు. కోనసీమలో నలభై ఏళ్లు పెళ్లిళ్లకీ ఉపనయనాలకీ వండిన మనిషి ఆయన. ఆయన దగ్గర కూరలు తరగడంతో మొదలెట్టి గరిటె దాకా వచ్చినవాణ్ణి కాబట్టి, ఆ "పదండి" వెనకాల ఎంత దూరం నడవాల్సొస్తుందో నాకు తెలుసు. ఈసారి ఏకంగా అమలాపురం నుంచి విశాఖపట్నం లాక్కెళ్లారు.

దానికి కారణం విశ్వపతి అడిగిన ప్రశ్న. అతనూ మా బృందంలో పెరిగినవాడే. ఇప్పుడు విశాఖలో సముద్రానికెదురుగా ఉన్న ఒక ఖరీదైన హోటల్లో తెలుగు వంటలకి పెద్ద. ఒక పూట అమలాపురం వచ్చి, గురువుగారి కాళ్లకి దణ్ణం పెట్టినవాడు పెట్టినట్టే నేలమీద కూలబడ్డాడు.

"గురువుగారూ, పనసపొట్టు ఆవ పెట్టిన కూర మీరు నేర్పినట్టే చేస్తున్నాను. ఒక్క దినుసు తేడా లేదు. నేను రుచి చూడందే గిన్నె కదలదు. అయినా పళ్లేలు సగం సగం వెనక్కొచ్చేస్తున్నాయి. నెలాఖరు దాకా చూసి ఆ కూర తీసేస్తామన్నారు, దాంతోపాటు నన్నూ. చేసే పనిలో తప్పు లేనప్పుడు ఫలం ఎందుకు చెడుతుందండీ? నా చెయ్యే పోయిందంటారా? ఆ మాట మీరు చెప్పండి చాలు, ఇవాళే గరిటె పక్కన పెట్టేస్తాను."

నలభై అయిదేళ్ల మనిషి కళ్లనీళ్లు పెట్టుకుంటే చూడలేకపోయాను. "ఎవడి పాడు కళ్లు పడ్డాయో, దిష్టి తీయించుకోవోయ్" అన్నాను. చయనులు గారు నా వంక ఒక్క చూపు చూశారు. నోరు మూసుకున్నాను.

"గురువారం మధ్యాహ్నం కామేశమూ నేనూ మీ హోటల్‌కి భోజనానికొస్తాం. నీ పని నువ్వు మామూలుగా చేసుకో" అని చెప్పి ఆయన లేచిపోయారు.

గురువారం వెళ్లాం. అబ్బో, ఏం హోటలండీ! పట్టపగలు కిటికీలకి తెరలు వేసేసి, బల్లకో దీపం పెట్టారు. ఏం తింటున్నామో కనపడకూడదనేమో మరి. ఒళ్లో పరుచుకోవడానికి ఇచ్చిన గుడ్డ నా పెళ్లినాటి కండువా కంటే తెల్లగా ఉంది, దాంతో మూతి తుడుచుకోడానికి మనసొప్పలేదు. హాలుకీ వంటింటికీ మధ్య పెద్ద అద్దం. అద్దం అవతల విశ్వపతి తెల్లకోటు వేసుకుని గిన్నె మీద వంగి ఉన్నాడు. గరిటె అంచు నుంచి కాస్త కూర అరచేతిలో వేసుకుని నోట్లో పెట్టుకున్నాడు, తృప్తిగా తలాడించాడు. చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. మా విశ్వపతి మా విశ్వపతే అనుకున్నాను.

ఆ తరవాత ఎంతసేపటికీ కూర రాదు. మా బృందంలో ఒక కట్టుబాటు ఉండేది. వండినవాళ్లు ఆఖరి పంక్తిలోనే తినాలి. పెళ్లివారంతా లేచాక, వాళ్లకి వేసిన ఆకుల్లాంటి ఆకుల్లోనే, వాళ్లకి వడ్డించినట్టే వడ్డించుకుని తినాలి. చయనులు గారితో సహా ఎవరికీ మినహాయింపు లేదు. అంచేత ఆకలికి ఓర్చుకోవడం నాకేమీ కొత్త కాదు. ఆ వేళ మాత్రం ఓర్చుకోలేకపోయాను. అద్దం అవతల ఒకావిడ చిన్న పట్టకారుతో మా కూర మీద పూరేకులు ఒక్కొక్కటే అతికిస్తోంది. తలంబ్రాల్లో ముత్యాలు ఏరుతున్నంత శ్రద్ధగా! నేను చిరాకుపడుతున్నాను గానీ చయనులు గారు రెప్ప వెయ్యకుండా అటే చూస్తున్నారు.

చివరికి కూర వచ్చింది. నల్లటి రాతి పలక మీద, మధ్యలో గుప్పెడు. "జాగ్రత్త సార్, పలక కాలుతుంది" అన్నాడు వడ్డించినాయన. అన్నంలో కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

చేదు! కాకరకాయ చేదు కాదు, వేపాకు చేదు కాదు, నాలిక వెనకాల పట్టుకుని వదలని పాడు చేదు. ముద్ద మింగలేను, కక్కలేను. నలభై ఏళ్లుగా మా ఊళ్లన్నీ లొట్టలేసుకుంటూ తిన్న కూర అది. వియ్యపురాళ్లు అలక మానేసి మారు వడ్డించమన్న కూర. విశ్వపతి చెయ్యి నిజంగానే పోయిందనుకున్నాను.

అంతలో ఆ వడ్డించినాయనే నవ్వుతూ వచ్చాడు. "అంతా బావుందాండీ?"

పక్క బల్ల దగ్గర దంపతులు "సూపర్" అన్నారు. అని, పళ్లేలు దూరంగా జరిపేశారు. అతను నావైపు తిరిగాడు.

"బ్రహ్మాండంగా ఉంది బాబూ" అన్నాను.

ఆ మాట నా నోటివెంట ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలీదు. నేను! పెళ్లిళ్లలో చారులో ఉప్పు రవ్వంత తగ్గితే సాటి వంటవాడి మొహానే చెప్పేసే నేను! ఆ చీకటీ, ఆ తెల్లగుడ్డా, ఆ నవ్వూ చూసి మొహమాటం ముంచుకొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. చయనులు గారు మాత్రం నన్నేమీ అనలేదు. వేలికొసతో పలక అంచు తాకి, చటుక్కున తీసేసుకున్నారు.

"వంటాయన్ని పిలువు నాయనా" అన్నారు.

విశ్వపతి చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చాడు. "ఎలా ఉందండీ?"

"కూర్చో."

"అమ్మో, వంటవాళ్లం హాల్లో కూర్చోకూడదండీ. కింద మాకు వేరే మెస్సు ఉంది."

"ఏం పెడతారక్కడ?"

"సాంబారన్నం, పెరుగు."

"ఈ పూట నువ్వు మాకు అతిథివి. కూర్చో" అని, ఇతనికీ అదే కూర తెమ్మని చెప్పారు.

మేనేజరు గారు దూరం నుంచే కనుబొమలు పైకెత్తాడు గానీ, చయనులు గారి మొహం చూసి అక్కడే ఆగిపోయాడు. విశ్వపతి కుర్చీ కొసన ముళ్లమీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. అదే వంటిల్లు, అదే గిన్నె. గిన్నెలోంచి కూర పలక మీదికి ఎక్కింది. పట్టకారు వచ్చింది, పూరేకులు వచ్చాయి. పావుగంట పట్టింది.

"జాగ్రత్త సార్, పలక..." అంటూనే వడ్డించినాయన ఆ సారెవరో చూసి నాలిక్కరుచుకున్నాడు.

విశ్వపతి ఒక ముద్ద తిన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇది నా కూర కాదు!" అని గట్టిగా అరిచేశాడు. హాలంతా తిరిగి చూసింది. కుర్చీ వెనక్కి పడేలా లేచి వంటింట్లోకి పరిగెత్తి, అదే గిన్నెలోంచి గిన్నెడు కూర తెచ్చి మా ముందు పెట్టాడు. నేనూ తిన్నాను, అతనూ తిన్నాడు. అమృతం. ఆవ ఘాటు ముక్కుకి ఎక్కింది, కళ్లు చెమర్చాయి. మళ్లీ పలక మీది కూర నోట్లో పెట్టుకున్నాం. చేదు విషం. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం.

అప్పుడు విశ్వపతి మెల్లిగా తన అరచెయ్యి ఆ రాతి పలక మీద ఆనించాడు. చుర్రుమంది. చెయ్యి లాక్కోలేదు, అలాగే ఉంచాడు. నేనే పట్టి తీశాను.

"కూర చల్లారకూడదని పలకలు ఓవెన్‌లో పెట్టి కాలుస్తారండీ" అన్నాడు. "ఆవ పెట్టిన కూరకి మళ్లీ వేడి తగిలితే చేదెక్కుతుందని మీరు నాకు మొదటి రోజునే చెప్పారు. ఇరవై ఏళ్లుగా ఆ మాట పదిమందికి నేనే నేర్పుతున్నాను. ఈ పలకలు రోజూ నా కళ్లముందే వెళ్తున్నాయండీ! పొయ్యి మీద పెట్టి మరీ పంపుతున్నాను నా కూరని! ఇవి వచ్చి రెండేళ్లయింది, ఒక్కడూ చెప్పలేదు!"

నేను తల దించుకున్నాను. ఇందాక "బ్రహ్మాండం" అన్నవాణ్ణి నేనే కదా.

చయనులు గారు గిన్నెలో మిగిలిన కూర అన్నంలో కలుపుకుని, మెతుకు మిగల్చకుండా తిన్నారు. ఒళ్లోని తెల్లగుడ్డతో హాయిగా మూతి తుడుచుకున్నారు.

"నీ చేతికేం కాలేదురా" అన్నారు.

విశ్వపతి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆయన అతని భుజం మీద చెయ్యి వేసి లేచారు. గుమ్మం దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగారు.

"అవునూ, మీ హోటల్లో ఆఖరి పంక్తి ఎన్నింటికి వేస్తార్రా?"