ఇంకో రెండు రాడ్లు

తారకస్వామికి ప్రశ్న విన్న రోజునే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాణ్ణి కూరలు తరగమంటారు, వాకిలి ఊడ్వమంటారు, లేదా తనతో కూడా నడవమంటారు. ఆ పనిలో ఎక్కడో జవాబు దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. హిమాలయాల్లోని గఢ్వాల్ కొండల్లో ఆయన నడిపే చిన్న ఆశ్రమానికి కదిరి దగ్గరి పల్లె నుంచి కొత్తగా వచ్చిన ఓబులేసుకు ఈ సంగతి తెలియదు. అందుకే వచ్చిన వారానికే నేరుగా అడిగేశాడు.

ఓబులేసు ముప్పై ఏళ్ళు బోరు బండి నడిపినవాడు. అతను అడిగింది వేదాంతం కాదు.

"సామీ, ఎనిమిదొందల అడుగులు పోయినా దుమ్ము తప్ప ఏమీ రాదు. రైతు నా చెయ్యి పట్టుకుని 'ఇంకో రెండు రాడ్లు దించన్నా, ఇంత దూరం వచ్చి ఆపుతావా' అంటాడు. ఒక్కోచోట ఆ రెండు రాడ్లకే గంగ తన్నుకొచ్చింది. ఒక్కోచోట రెండూ దించి, మళ్ళీ రెండూ దించి, మనిషినే ముంచేసినాను. ముత్యాలప్ప అని ఒకాయన, నా బండి కదిలిపోయిన నెలకే పెళ్ళాం బిడ్డలతో ఊరు విడిచి పోయినాడు. పట్టు విడవొద్దని అందరూ చెప్తారు. ఎక్కడ విడవల్లో ఎవరూ చెప్పరు. మీరు చెప్పండి."

"ఎల్లుండి మంచు దాకా వెళుతున్నాను. వస్తావా?" అన్నారు స్వామి.

ఆ మంచు అంటే ఒక హిమానీనదం. జాతీయ ఉద్యానవనం లోపల, రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి రెండు రోజుల నడక. నది పుట్టే చోట ఆ మంచుగోడకు ఏటా ఒకసారి అరచెయ్యి ఆనించి రావడం స్వామికి ముప్పైమూడేళ్ళుగా తప్పని వ్రతం. ఆయనకు డెబ్బై ఆరు నిండాయి. వేసవిలో జబ్బుపడి లేచారు. ఇదే ఆఖరుసారని ఆశ్రమంలో అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు.

మొదటిరోజు నడకలో దేవదారు చెట్లు వెనకబడ్డాయి. తర్వాత భూర్జవృక్షాలు, ఆ తర్వాత గడ్డి కూడా వెనకబడింది. సాయంత్రానికి అటవీశాఖవాళ్ళ చివరి చౌకీ చేరి, అక్కడి గుడారంలో పడుకున్నారు. తెల్లవారి బయల్దేరుతుంటే రావత్ అనే ఫారెస్టు గార్డు ఓబులేసును పక్కకు పిలిచాడు. "పైన గాలి పలచన. తలనొప్పి అందరికీ వస్తుంది, దానికి భయపడొద్దు. ఊపిరిలో నీళ్ళ చప్పుడు వినబడితే మాత్రం ఒక్క అడుగు పైకి వెయ్యకండి. దిగడమే దానికి మందు."

పైనంతా రాళ్ళే. మంచు తెల్లగా పరుచుకుని ఉంటుందనుకున్న ఓబులేసుకు కంకర క్వారీలోకి వచ్చినట్టనిపించింది. ఇరవై అడుగులకోసారి నిలబడి ఊపిరి తీసుకుంటున్నాడు. స్వామి ఎక్కడా ఆగలేదు. రాత్రి నుంచీ వస్తున్న దగ్గును ఉత్తరీయంలో అణుచుకుంటూ, ముందుకు వంగి నడుస్తున్నారు. పొద్దు నడినెత్తికి వచ్చేవేళకు మలుపు తిరిగారు. ఎదురుగా నీలంగా మెరిసే మంచుగోడ, దాని కిందనుంచి ఉరికొస్తున్న నది. ఇంకా నూరు అడుగులుంటుందేమో.

అక్కడ స్వామి ఒక బండమీద కూలబడ్డారు. పెదవులు నల్లబడ్డాయి. ఓబులేసు మోకాళ్ళమీద కూర్చుని ఆయన రొమ్ముకు చెవి ఆనించాడు.

ఆ చప్పుడు అతనికి కొత్తది కాదు. బోరు అడుగున జల తగలగానే గొట్టంలోంచి పైకి వచ్చే బుడబుడ. దానికోసమే ముప్పై ఏళ్ళు ఎండలో చెవి ఒగ్గి నిలబడ్డాడు. అది వినబడితే రైతులు నేలమీద సాగిలపడి మొక్కేవారు. ఇప్పుడది మనిషి గుండెల్లో వినబడేసరికి ఓబులేసు చటుక్కున తలెత్తాడు.

"దిగిపోదాం సామీ."

"పిచ్చివాడా! రాయి విసిరితే తగిలేంత దూరంలో ఉంది. ఇంత దూరం వచ్చి ఆపుతావా?"

ఓబులేసు ఆయన్ని వీపున ఎక్కించుకుని, జారకుండా తన తువ్వాలుతో నడుముకు కట్టుకున్నాడు. అడ్డు చెప్పలేక మంచువైపే నడిచాడు. ఒకసారి చెయ్యి ఆనిస్తే చాలు, వెంటనే తిరిగిపోవచ్చు, ఎంతసేపని? పది అడుగులు వేశాడు. పదకొండో అడుగులో ఆ బుడబుడ అతని వెన్నుకే తగిలింది. నిలబడిపోయాడు. ఇది గురువు మాట. గురువు ఆఖరి కోరిక. నది హోరు మధ్య కళ్ళు తుడుచుకుని, మంచుకు వీపు తిప్పాడు.

స్వామి అతని భుజంమీద పిడికిలితో కొట్టారు. గురుద్రోహి అన్నారు. పిరికివాడా అన్నారు. నా ముప్పైమూడేళ్ళూ నేలపాలు చేశావన్నారు. ఆ తర్వాత మాటలు ముద్దగా వచ్చాయి, ఇంకాసేపటికి అవీ ఆగాయి. రాళ్ళు కాళ్ళకింద జారుతున్నాయి. ఓబులేసు రెండుసార్లు పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. పడిన ప్రతిసారీ ఆయన నెత్తికి దెబ్బ తగలకుండా తాను ముందుకు బోర్లాపడి, మళ్ళీ లేచాడు. చివరికి చౌకీ కనబడింది. రావత్‌ తానే చూసి పరుగెత్తుకొచ్చి, ఆక్సిజన్ పెట్టి, ఇంకో ఇద్దరిని పిలిచి డోలీ కట్టించాడు. ఆగకుండా కిందికి దించారు.

మూడోనాటికి, రోడ్డు పక్కనున్న చిన్న ఆసుపత్రిలో స్వామి లేచి కూర్చుని జావ తాగారు. ఓబులేసు మంచం పక్కన నేలమీద తలవంచుకుని కూర్చున్నాడు.

"మీ మాట కాదన్నాను సామీ. మంచు తాకనీకుండా చేసినాను. ఇంగ మళ్ళీ..."

"దారి పొడవునా నిన్నేమని తిట్టాను?" అడిగారు స్వామి.

"వినలేదు సామీ. మీ ఊపిరే వింటా వచ్చినాను."

స్వామి గ్లాసు కింద పెట్టారు.

"మరి ఎక్కడ విడవాలో ఆ వేళ నన్నెందుకు అడిగావయ్యా?" అన్నారు.