ఆ మలుపు తిరిగితే చెరువే

మా గురువుగారు అనంతశయనంగారికి ఒక అలవాటు ఉండేది. ఆశ్రమానికి కొత్తగా ఎవరు వచ్చినా ఒకసారి మొహంలోకి చూసి, "దగ్గరికి వచ్చేశావు నాయనా, ఇంకెంతో లేదు" అనేవారు. మా అందరితోనూ అన్నారు. నేనైతే ఆ రోజు మోక్షం చేతికి అందినట్టే అనుకుని సంతోషంతో అన్నం కూడా సరిగా తినలేదు. అందరికీ అదే మాట చెబుతారని తెలిశాక కాస్త చిన్నబుచ్చుకున్నాను గానీ, పెద్దాయన్ని అడిగే ధైర్యం నాకెక్కడిది?

అడిగినవాడు భానోజీ. ఇక్కడికి రాకముందు అతను సర్వేయరు. గొలుసు పట్టి పొలాలు కొలిచిన మనిషి, అర అడుగు తేడా వచ్చినా ఊరుకునే రకం కాదు. ఒక ఉదయం సంచి భుజాన వేసుకుని వచ్చి అరుగు ముందు నిలబడ్డాడు.

"ఏడేళ్ళ కిందట నాతో దగ్గరికి వచ్చేశావన్నారు. నిన్న వచ్చిన టైలరుగారితోనూ అదే అన్నారు. నాకైతే ఇంతవరకు ఏమీ కనబడలేదు. అబద్ధం చెప్పి మనిషిని నడిపించడం న్యాయమేనా గురువుగారూ? జవాబు చెప్పండి. లేదంటే సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతాను, మళ్ళీ రాను."

మా పై ప్రాణాలు పైనే పోయాయి. గురువుగారు మాత్రం తాపీగా, "బస్సు సాయంత్రం కదా, అందాకా ఏం చేస్తావు? కొండ మీద చెరువు చూసి రా. ఇన్నేళ్ళున్నావు, ఒక్కసారైనా ఎక్కావా?" అన్నారు.

భానోజీ విసుక్కుంటూనే ఎక్కాడు. దారిలో దిగివస్తున్న వాళ్ళను ఎంత దూరమని అడిగితే ఒక్కడూ సరిగా చెప్పలేదట. "ఇంకెంత, ఆ మలుపు తిరిగితే చెరువే!" అన్నాడు ఒకాయన. మలుపు తిరిగితే ఇంకో మలుపు. అక్కడ ఇంకొకాయన, మళ్ళీ అదే మాట. కొండంతా అబద్ధాలకోరులేనని తిట్టుకుంటూ మిట్టమధ్యాహ్నానికి పైకి చేరాడు. చేరాక తిట్లు ఆగిపోయాయి. చుట్టూ పచ్చటి కొండలు, మధ్యలో కదలని నీలం నీళ్ళు. ఇంత దగ్గర్లో ఇది ఉందని తెలిసి కూడా ఏడేళ్ళు రాలేదే అని తన మీద తనకే కోపం వచ్చిందట.

దిగుతుంటే సగం దారిలో ఒక ముసలామె బండ మీద చతికిలబడి కనిపించింది. పేరు అసిరమ్మ. చెప్పులు విడిచి పాదాలు నొక్కుకుంటోంది.

"బాబూ, చెరువు ఇంకెంత దూరం? కళ్ళు మసకలైపోతున్నాయి. వచ్చే ఏటికి పూర్తిగా పోతాయన్నాడు డాక్టరు. చూపుండగా ఒక్కసారి చూద్దామని బయల్దేరాను."

భానోజీ అబద్ధం ఆడే మనిషా? "రెండున్నర కిలోమీటర్లు. అందులో సగం నిట్టనిలువు ఎక్కుడు" అన్నాడు.

ఆమె నిట్టూర్చి చెప్పులు వేసుకుంది. "నిజం చెప్పావు, చల్లగా ఉండు నాయనా. ఆ మలుపే, ఆ మలుపే అంటే నమ్మి ఇంతదాకా వచ్చాను. అంత దూరమని ముందే తెలిస్తే ఇల్లు కదిలేదాన్నే కాదు" అని కిందికి తిరిగి నడక మొదలుపెట్టింది.

భానోజీ చెప్పింది అక్షరాలా నిజమే. ఆ నిజం పట్టుకుని ఆమె వెళ్ళిపోతోంది, ఇక ఎప్పటికీ ఆ నీళ్ళు చూడదు. గబగబా వెనక పరిగెత్తి ఆమె చేతిసంచి అందుకున్నాడు.

"అమ్మా, ఆగు! దూరమే, కాదనను. నేను తోడు వస్తాను, పద."

ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటూ, లేస్తూ, ఆమె మనవల కబుర్లు వింటూ ఎక్కారట. చెరువు కనబడగానే అసిరమ్మ, "ఓలమ్మో! ఇంత నీలమా!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చాలాసేపు రెప్ప వెయ్యలేదు. తర్వాత అతని చెయ్యి పట్టుకుని, "ఇది చాలు బాబూ. ఇక కళ్ళు పోతే పోనీ, చూసింది ఎక్కడికి పోతుంది?" అంది.

ఆమెను కింద ఊళ్ళో ఇంటి దగ్గర దింపి, పొద్దు గూకే వేళకు ఆశ్రమానికి వచ్చాడు. బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. జరిగిందంతా గురువుగారికి చెప్పి, సంచి దించి కూర్చున్నాడు.

గురువుగారు పంచె పైకి జరిపి, వాచిన మోకాళ్ళకు మెల్లగా నూనె రాసుకుంటూ అన్నారు:

"ఇవి బాగున్న రోజుల్లో నేనూ నీలాగే ఒకరికి తోడుగా మళ్ళీ ఎక్కేవాణ్ణి భానోజీ. ఇప్పుడు అరుగు దిగలేను. కూర్చున్న చోటి నుంచి 'ఇంకెంతో లేదు' అన్న ఆ ఒక్క మాటే తోడు పంపగలుగుతున్నాను."