నీలిబాన రుచి

గంగన్న నూలుకు రంగేసే నీలిబాన సొంతంగా పెట్టుకోవాలనుకుని మూడేళ్ళు దాటింది. అనుకోవడంలో మాత్రం ఏ లోటూ రానివ్వలేదు.

మొదట్లో చోటు లేదన్నాడు. బావమరిది గొర్రెల దొడ్డి ఖాళీ చేసి ఇచ్చాడు. తగిరిస గింజలు లేవన్నాడు. అవి ఉడికించిన నీళ్ళు పడితేగాని బాన పులిసి రంగు పట్టదు. భార్య రంగమ్మ ఒక కాపుకాలమంతా చేల గట్లంట తిరిగి రెండు గోతాలు ఏరి తెచ్చింది. కుమ్మరి చేత చేయించిన మూడు బానలు దొడ్డిగోడకు బోర్లించి ఉన్నాయి. వాటి పక్కన కోళ్ళు మూడు విడతలు పిల్లల్ని లేపాయి.

"కోళ్ళకున్నపాటి తెగువ నీకు లేకపాయె" అనేది రంగమ్మ. గంగన్న నవ్వి ఊరుకునేవాడు. లోపల మాత్రం నవ్వొచ్చేది కాదు.

పన్నెండేళ్ళుగా అతను కమాల్ తాత దగ్గర పని చేస్తున్నాడు. తాత పెన్న ఒడ్డున నీలి అద్దేవాడు. గురువారాలు మాత్రం పని ఆపి దర్గా అరుగు మీద కూర్చునేవాడు. కష్టం చెప్పుకోవడానికి ఏడూళ్ళ జనం వచ్చేవాళ్ళు. తాత మాట్లాడేది తక్కువ. విన్నవాళ్ళు ఇంటికెళ్ళాక ఆలోచించుకునేది ఎక్కువ. గంగన్నకు పనిలోనూ ఆయనే గురువు, మిగతా బతుకులోనూ ఆయనే.

ఆరోజు బుధవారం. ఏటి అవతలి సాలెపేట నుంచి చౌడప్ప వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. నలభై మగ్గాల పెద్ద ఆయన. ఏడాది పొడవునా నూలుకు నీలి వేయించాలి. తాత తనకున్న రెండు బానలు చాలనేశాడు. గంగన్న సొంతంగా పెడితే అంతా అతనికే ఇస్తానని చౌడప్ప నెలనుంచీ తిరుగుతున్నాడు.

"ఈపొద్దు మాట చెప్పు గంగన్నా. లేదంటే నూలు పొడిరంగు మిల్లుకు పంపించేస్తా. నా మగ్గాలు ఊరికే ఉండవు కదా" అన్నాడు.

గంగన్న లోపలికి వెళ్ళి తాత ముందు కూలబడ్డాడు.

"అన్నీ ఉండాయి తాతా. ఒకటే లేదు. బాన రుచి నాకు కుదరలేదు. నాలుగు రోజులు రుచి తప్పితే బాన చచ్చిపోతుంది. ఆయప్ప నూలంతా పాడైపోతుంది. ఇంకో ఏడాది నీ దగ్గరే ఉంటా."

బాన రుచి అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. రోజూ పొద్దున్నే బానను కర్రతో కలిపి, వేలు ముంచి, నాలుకకు తాకించి చూడాలి. పులుపెక్కితే సున్నపు తేట పోయాలి. నాలుక చురుక్కుమంటే గింజల నీళ్ళు పోయాలి. రోజూ ఆ వేళకు తాత ముందుగా గంగన్న చేత రుచి చూపించి, "ఎట్లుంది?" అని అడిగేవాడు. గంగన్న చెప్పేవాడు. తర్వాత తాత తానూ వేలు ముంచి, నాలుకకు రాసుకుని, కళ్ళు మూసుకుని, "ఊఁ. అట్లే పొయ్యి" అనేవాడు. గురువు పాఠం ఒప్పజెప్పించుకుంటున్నాడని గంగన్న అనుకునేవాడు.

తాత, కోడలు షహనాజ్ తెచ్చిపెట్టిన మజ్జిగ చెంబు దగ్గరికి లాక్కున్నాడు. ఉప్పుజాడీలోంచి గుప్పెడు రాళ్ళుప్పు తీసి అందులో వేశాడు. వేలితో కలిపాడు. ముసలాయన పరధ్యానంలో ఉన్నాడనుకుని గంగన్న చెయ్యి చాచేలోపే సగం చెంబు తాగేశాడు. ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

"నువ్వు తాగు" అని చెంబు ఇచ్చాడు.

గంగన్న ఒక గుక్క నోట్లో పోసుకుని బయటికి పరుగెత్తి ఉమ్మేశాడు.

"ఎట్లుంది?" అన్నాడు తాత.

"ఎట్లుండేదేంది తాతా, వట్టి ఉప్పు. ఎట్లా తాగినావు?"

"నాకు నీళ్ళ మాదిరే ఉంది. ఆ విషజ్వరం వచ్చి పోయినప్పటినుంచీ ఇంతే."

విషజ్వరం వచ్చి రెండేళ్ళు దాటింది. గంగన్న గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. ఆ రెండేళ్ళ పొద్దులన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి. ప్రతి పొద్దూ ముందు తను చెప్పడం, తర్వాత తాత తలూపడం. ఈ మధ్యలో ఒక్క బానా చావలేదు. రంగు కుదర్లేదని ఒక్క గుడ్డముక్కా తిరిగి రాలేదు.

ముందు కోపం వచ్చింది. ఆ వెనకే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆపొద్దే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పింటే మర్నాడే నీ నాలుక వణికేది."

గంగన్న మెల్లగా, "నేను పోతే నీ బానలెట్లా?" అన్నాడు.

"నాల్నెల్లుగా షహనాజ్ నీ వెనకాల్నే వేలు ముంచుతాంది. పని తప్ప ఏమీ చూడవు నువ్వు." తాత చెంబు పక్కన పెట్టాడు. "పో. వాకిట్లో మనిషి కూర్చోనుండాడు."

గంగన్న వాకిట్లోకి వచ్చాడు. తాత కూడా గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చి గడపలో నిలబడ్డాడు.

"రేపు దొడ్లో బానలు పాతుతా" అన్నాడు గంగన్న. "బాన పులిసి లేచేసరికి ఎనిమిది రోజులు పడుతుంది. తొమ్మిదోనాడు నూలు తీసుకురా. నలభై మగ్గాలకూ ఒకేసారి వద్దు, ముందు పది మగ్గాలకు తే."

చౌడప్ప సంబరంగా లేచి కండువా దులుపుకున్నాడు. అంతలోనే ఏదో అనుమానం వచ్చినట్టు, అలవాటు కొద్దీ గడపవైపు తిరిగాడు.

"తాతా, నువ్వేమంటావు? తొమ్మిదో నాటికి నీలి కుదురుతుందంటావా?"

"రంగు మాట నన్నడుగుతావేందప్పా?" అన్నాడు కమాల్ తాత. "ఆయన్నడుగు."