తిప్పిన చెయ్యి ముందు తాగాలి

మండపేటలో పేర్రాజు ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. గేటుకి బోర్డు ఉంటుంది: "ఆలోచించి లోపలికి అడుగు పెట్టండి" అని. కుక్క ఉన్నవాళ్ళు కుక్క ఉందని రాసుకుంటారు. వీళ్ళకి తెలివి ఉందిట, అందుకని ఇలా రాసుకున్నారు. రాసుకుని ఊరుకోలేదు, పాటిస్తారు కూడా. పేర్రాజు బజారు నుంచి వచ్చినా, తమ్ముడు గణపతి పొలం నుంచి వచ్చినా గేటు దగ్గర ఆగి, కాసేపు ఆలోచించి, అప్పుడు లోపలికొస్తారు. ఏం ఆలోచించాలో బోర్డు మీద లేదు కాబట్టి ఎవరికి తోచింది వాళ్ళు ఆలోచిస్తారు. ఒకసారి జోరున వాన. గణపతికి ఎంతకీ ఏ ఆలోచనా రాలేదు. అంతే, వాన వెలిసేదాకా గేటు బయటే తడుస్తూ నిలబడ్డాడు.

"మా ఇంటావంటా తొందరపాటు లేదండి!" అని తల్లి సూరాయమ్మ కొడుకు తల తుడుస్తూ వీధి వీధంతా వినేలా చెప్పుకుంది.

ఆ ఇంట్లో ఉండేది నలుగురు. సూరాయమ్మ, ఆవిడ ఇద్దరు కొడుకులు, పేర్రాజు పెళ్ళాం వరహాలు. నలుగురికీ కాఫీ అంటే ప్రాణం. దానికో పద్ధతి ఉంది. వేయించిన గింజల్ని చేతి మరలో పోసి అప్పటికప్పుడు ఆడాలి. మర తిప్పేది ఇంట్లో వయసులో అందరికంటే పెద్దవాళ్ళే అయి ఉండాలి. తిప్పిన చెయ్యి ముందు తాగాలి, ఆ తర్వాతే మిగిలినవాళ్ళు. సూరాయమ్మ అత్తగారు పోతూ పోతూ ఆస్తి సంగతి చెప్పడం మర్చిపోయింది గానీ ఇది మాత్రం మూడుసార్లు చెప్పి పోయింది.

సూరాయమ్మ నలభై ఏళ్ళు తిప్పింది. ఓ రోజు పొద్దున్న కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవదు, కిందికి దిగదు. డాక్టరు విశ్వపతి గారు చూసి, మెడలోంచి గుడ్డ వేసి చెయ్యి కట్టేశారు.

"ఆరు వారాలు ఈ చేత్తో మర తిప్పడానికి వీల్లేదమ్మా. తిప్పారంటే చెయ్యి ఇలాగే బిగుసుకుపోతుంది, నా పూచీ లేదు."

"ఈ చేత్తో వద్దన్నారు గానీ ఆ చేత్తో వద్దనలేదుగా అత్తయ్యగారూ!" అంది వరహాలు ఇంటికొచ్చాక.

పేర్రాజు గట్టిగా తల అడ్డంగా ఊపాడు. "బుద్ధుందా? ఎడం చేత్తో అంటే మర ఎదురు తిరుగుద్ది. పొడి మళ్ళీ గింజలైపోద్ది. గింజలు మళ్ళీ పచ్చివైపోతాయి. అవి మొలిస్తే వంటింట్లో చెట్లు ఎవరు కొడతారు?"

నిజమే అనిపించి అందరూ భయపడ్డారు. మర వరహాలు తిప్పుదామంటే వయసు చాలదు. పద్ధతి తప్పిన కాఫీ సూరాయమ్మ తాగదు. ఆవిడ తాగకపోతే మిగతావాళ్ళూ తాగరు. ఒక రోజు గడిచింది, రెండు రోజులు గడిచాయి. మూడో రోజుకి సూరాయమ్మ తలకి గుడ్డ బిగించి మంచానికి అడ్డం పడింది. చెయ్యి నొప్పి కంటే కాఫీ లేని తలనొప్పి ఆవిణ్ణి పిండేస్తోంది పాపం. "నా రాత ఇంతేరా. కాఫీ చుక్క నోట పడకుండానే పోతాను" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తల్లి ఏడిస్తే పేర్రాజు చూడలేడు. వెంటనే గేటు బయటికెళ్ళి నిలబడి, ఆలోచించి లోపలికొచ్చాడు.

"అమ్మా, తనంతట తనే గింజలాడుకుని కాఫీ పెట్టే మిషను ఉందంట. కొనేద్దాం పదండి."

ఇంకేముంది, నలుగురూ బయల్దేరారు.

షాపాయన పేరు కామేశం. యాభై ఏళ్ళ మనిషి, ఓపికస్తుడు. ఆ రోజుతో ఆ ఓపిక కూడా అయిపోయిందనుకోండి. "ఇందులో రెండు రకాలండి" అని మొదలుపెట్టాడు. "కొన్నిటికి పొడి మనం ఆడించి వెయ్యాలి. కొన్నిటికి మర లోపలే ఉంటది. గింజలేస్తే అదే ఆడుకుని అదే కాఫీ దించుద్ది."

"లోపల తిప్పేదెవరండి?" అంది సూరాయమ్మ.

"ఎవరూ లేరండి. మోటారు."

"పాపం, ఒక్కతే!"

కామేశం అదేం పట్టించుకోకుండా ఒక మిషను చూపించాడు. "దీంట్లో గింజలు బరకగానా మెత్తగానా అని పన్నెండు రకాలుగా పెట్టుకోవచ్చండి."

"మేం నలుగురమేనండి. మిగతా ఎనిమిది మందినీ ఎక్కణ్ణుంచి తెచ్చేది?" అన్నాడు గణపతి.

ఇంకోటి చూపించాడు. "దీనికి రెండు గొట్టాలండి. ఒక్కసారే రెండు కప్పులు పడతాయి."

పేర్రాజు నవ్వాడు, అన్నీ తెలిసినవాడిలా. "రెండూ ఒక్కసారే పడితే మొదటి కప్పు ఏదో ఎలా తెలుద్దండి? మా పద్ధతేం గాను?" అంతే, అదీ పక్కకి పోయింది.

మూడోదానికి ఒకటే గొట్టం, మర లోపలే ఉంది. సూరాయమ్మ దాని దగ్గరికెళ్ళి, మంచి చేత్తో దాని పక్కలు నొక్కి, "నొప్పేమైనా ఉందా అమ్మా?" అని అడిగింది. అది పలకలేదు. "లేదు. ఉంటే చెప్పేదే" అని తేల్చి, కామేశం వైపు తిరిగింది. "దీని వయసెంత బాబూ?"

"సరికొత్తదండి. నిన్ననే వచ్చింది."

"హవ్వ! నిన్న వచ్చిన పసిదాని చేత చాకిరీ చేయిస్తారా? మా ఇంట్లో తిప్పేది అందరికంటే పెద్దవాళ్ళు. మీ దగ్గర ఉన్నవాటిలో పెద్దావిణ్ణి చూపించు."

జనం కొత్తది కావాలని పేచీ పెట్టడం కామేశం చూశాడు గానీ పాతది కావాలని పేచీ పెట్టడం అదే మొదలు. అద్దాల బీరువా పైన రెండేళ్ళుగా దుమ్ము కొట్టుకుంటున్నదాన్ని దింపాడు. దానికీ మర లోపలే ఉంది, ఒకటే గొట్టం.

"మిషన్లలో రెండేళ్ళంటే ముసల్దే అండి. ఆ లెక్కన మీకంటే పెద్దది" అన్నాడు, పోతే చాలు అన్నట్టు.

అంతే, సూరాయమ్మ వంగి దానికి దణ్ణం పెట్టింది. వెనకే మిగతా ముగ్గురూ పెట్టారు.

ఆటోలో పెద్దావిడకి సీటిచ్చారు. సూరాయమ్మ పక్కన ఒదిగి కూర్చుంది, పేర్రాజు, వరహాలు అంచున వేలాడారు. గణపతి ఆటో వెనకాల పరిగెత్తుకొచ్చాడు. గేటు దగ్గర మిషనుని దింపి బోర్డుకి ఎదురుగా పెట్టారు. ఎవరైనా ఆలోచించాకే కదా లోపలికి రావాలి! ఎండ మండిపోతోంది. అరగంటైంది, గంటైంది.

"అమ్మా, దీని ఆలోచన అయిందో లేదో తెలిసేదెలా?" అన్నాడు గణపతి.

అప్పుడే ఒక కాకి వచ్చి మిషను మీద వాలింది. కాకి బరువుగా అనిపించి మిషను ఆలోచన ఆపేసి ఉంటుందని పేర్రాజు తేల్చాడు. లోపలికి మోసుకెళ్ళారు.

కామేశం పంపించేటప్పుడు ఒక మాట చెప్పాడు. "బటన్ నొక్కి ఊరుకోండి. మిగతాదంతా అదే చూసుకుంటది" అని. సరే, వరహాలు బటన్ నొక్కింది. గింజల సంచీ పక్కన పెట్టింది. మిగతాదంతా అదే చూసుకుంటుందన్నారు కాబట్టి బియ్యం, వంకాయలు, తోమని గిన్నెలు కూడా పక్కన పెట్టి తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది. నలుగురూ అరుగు మీద కూర్చున్నారు. మధ్యాహ్నం రెండైంది. వరహాలు తలుపు సందులోంచి తొంగి చూసి వచ్చింది.

"ఏవండీ, కాఫీ సంగతి దేవుడెరుగు, ఇంకా అన్నం కూడా వండలేదండి! వంకాయలు ఎక్కడివక్కడే ఉన్నాయి."

పేర్రాజు కామేశానికి ఫోన్ చేసి, "మీరు పంపిన పెద్దావిడ ఒట్టి బద్ధకస్తురాలండి" అని మొదలుపెట్టాడు. కామేశం మొదట నవ్వాడు, తర్వాత నీరసపడ్డాడు, చివరికి ఫోన్లోనే ఒక్కొక్కటీ చేయించాడు. మూత తీసి గింజలు పోయించాడు, తొట్టిలో నీళ్ళు పోయించాడు, మళ్ళీ బటన్ నొక్కించాడు. మిషను గుర్రుమంది. ఇల్లంతా కాఫీ వాసన! సన్నటి ధారగా నల్లగా కప్పులోకి దిగింది. వరహాలు వేడి పాలూ పంచదారా కలిపింది. మూడు రోజుల తర్వాత ఆ వాసన తగిలేసరికి సూరాయమ్మకి కళ్ళు చెమర్చాయి. మంచి చేత్తో కప్పు అందుకుని పెదాల దాకా తెచ్చుకుంది.

"ఆగమ్మా!" అని అరిచాడు పేర్రాజు. "తిప్పింది ఎవరు?"

సూరాయమ్మ నాలిక్కరుచుకుంది. "అయ్యో, ఎంత పని చేసేదాన్ని! తిప్పిన వాళ్ళు ముందు తాగాలి" అని కప్పు దించేసింది. ఆ కప్పు దించడానికి ఆవిడకి ఎంత కష్టమైందో చూస్తే మీరూ నేనూ కూడా ఏడుస్తాం.

ఇప్పుడు దానికి నోరెక్కడ? గణపతి గొట్టాన్ని చూపించాడు. "అందులోంచి బయటికొస్తదిరా. మనం నోట్లోంచి బయటికి తెస్తామా?" అని కసిరాడు పేర్రాజు. "గింజలు ఎక్కడ తిందో అదే నోరు."

ఇంకేముంది! మూత తీసి, పాలూ పంచదారా కలిపిన వేడి కాఫీని గింజల మీద దిమ్మరించారు. తర్వాత మర్యాదగా బటన్ నొక్కారు. మిషను గుర్ గుర్ మని, గొరగొరమని, ఒక్కసారి టక్కుమని ఆగిపోయింది. పైన ఎర్ర దీపం వెలిగింది.

"త్రేన్చింది, చూశారా!" అని వరహాలు మురిసిపోయింది.

"త్రేనుపు కాదు, కోపం. కళ్ళు ఎర్రజేసింది చూడు. పంచదార తక్కువైనట్టుంది" అని గణపతి డబ్బాడు పంచదార గుమ్మరించాడు. మర్నాడు కూడా అది పలకలేదు. లోపల మర గడ్డకట్టి, అరంగుళం కూడా తిరగడం లేదు.

సూరాయమ్మకి ఆ బాధ తెలుసు కదా, గుండె తరుక్కుపోయింది. "ఒరేయ్, దీనికీ నా జబ్బే వచ్చిందిరా! డాక్టరు గారికి ఫోన్ చెయ్యండి."

పేర్రాజు ఫోన్ చేశాడు. "డాక్టరు గారండీ, మా పెద్దావిడకి అస్సలు తిరగడం లేదండి."

పెద్దావిడ అంటే సూరాయమ్మే అనుకున్నారు ఆయన. "తైలం రాసి, వేడినీళ్ళ కాపడం పెట్టి, గుడ్డ చుట్టి కదలకుండా పడుకోబెట్టండి. సాయంత్రం వచ్చి చూస్తాను."

సాయంత్రం డాక్టరు గారు వచ్చి చూసేసరికి ఏముందంటే, మంచం మీద దుప్పటి కప్పుకుని, తైలం కారుతూ, మెడలో గుడ్డతో మిషను పడుకుని ఉంది. వరహాలు కాపడం పెడుతోంది, గణపతి విసురుతున్నాడు. కింద చాప మీద సూరాయమ్మ, కట్టు విప్పేసి, చేతి మర ఒళ్ళో పెట్టుకుని పిడి పట్టుకుని ఉంది.

"పెద్దావిడ పడుకుంది కాబట్టి తర్వాత పెద్దదాన్ని నేనే కదండీ డాక్టరు గారూ" అంది. "తప్పుద్దా? చెయ్యి పోతే పోయింది. ఈ తలనొప్పి నేను పడలేను."

"ముట్టుకోకండి!" అని డాక్టరు గారు గావుకేక పెట్టారు. ఒక్క గెంతులో వచ్చి మర లాక్కున్నారు. కోపం, జాలి రెండూ ముంచుకొచ్చాయి ఆయనకి. చివరికి, "మీకు కావలసింది కాఫీయేగా? నేను తిప్పుతాను!" అని పీట వేసుకుని కూర్చున్నారు.

"మీ వయసెంతండి?" అని అడిగాడు పేర్రాజు.

"డెబ్బై రెండు!"

"అమ్మకి అరవై ఎనిమిది. సరిపోద్ది, తిప్పండి."

ఆయన చెమటలు కక్కుతూ గర్రుగర్రున తిప్పారు. వరహాలు డికాషను దించి, చిక్కటి పాలు పోసి, నురగ వచ్చేలా తిరగబోసి, మొదటి గ్లాసు డాక్టరు గారికి అందించింది.

"నేను కాఫీ తాగనమ్మా, నాకు పడదు. ముందు ఆవిడకివ్వండి."

సూరాయమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. కళ్ళు మాత్రం గ్లాసు మీదే ఉన్నాయి. పేర్రాజు గబగబా గేటు బయటికెళ్ళి ఆలోచించి వచ్చాడు.

"అమ్మా, నాయనమ్మ ఏమంది? తిప్పిన మనిషి తాగాలందా, తిప్పిన చెయ్యి తాగాలందా?"

"చెయ్యే అందిరా. మూడుసార్లూ చెయ్యే అంది."

"మరింకేం! డాక్టరు గారికి పడదు గానీ, వారి చేతికి పడదని ఎవరన్నారు?"

అంతే! గణపతి ఆయన మణికట్టు పట్టుకున్నాడు, పేర్రాజు గ్లాసెడు కాఫీ అరచేతి మీద పోసేశాడు. డాక్టరు గారు అరిచిన అరుపుకి వీధిలో ఆటోలు ఆగాయి.

"తాగేసింది! చుక్క మిగల్చకుండా తాగేసింది!" అని వరహాలు చప్పట్లు కొట్టి, రెండో గ్లాసు అత్తగారికిచ్చింది.

సూరాయమ్మ ఒక గుక్క తాగింది. కళ్ళు మూసుకుంది. తలకి కట్టిన గుడ్డ తీసి పక్కన పడేసింది. ఇంకో గుక్క తాగింది. "అబ్బ! ప్రాణం లేచొచ్చిందిరా నాయనా" అంది. ఆ మొహంలో సంతోషం చూసి, మంట మీద ఉన్న డాక్టరు గారు కూడా ఒక్క క్షణం చెయ్యి ఊదుకోవడం మర్చిపోయారు.

గ్లాసు ఖాళీ అయ్యాక ఆవిడ లేచి, తను విప్పేసిన కట్టు గుడ్డ తీసి ఆయన మెడలో వేసి, ఆ చెయ్యి ప్రేమగా కట్టింది. "ఆరు వారాలు ఈ చేత్తో మర తిప్పకూడదండీ. తర్వాత మా పూచీ లేదు. మరి రేపు తిప్పేదెవరు? మీ అమ్మగారు ఉన్నారా అండి?"

"ఉన్నారు, తొంభై మూడు..." అనేసి ఆయన నోరు మూసుకున్నారు. అప్పటికే ఆలస్యమైంది. పేర్రాజు ఆటో ఎక్కేశాడు.

"మా అబ్బాయికి చెయ్యి కాలిందట" అని పేర్రాజు తెచ్చిన ఆటోలో కంగారుగా వచ్చింది ఆ తొంభై మూడేళ్ళావిడ. మిగతా ముగ్గురూ మరతో, గింజలతో గేటు లోపల సిద్ధంగా నిలబడ్డారు. పేర్రాజు దిగగానే ఆవిడ ఆటోలోంచి తల బయటపెట్టి, కళ్ళజోడు సర్దుకుని బోర్డు చదివింది. చేతికి కట్టుతో, చొక్కా నిండా కాఫీతో గేటు దాటి పరిగెత్తుకొస్తున్న కొడుకుని చూసింది. ఆయన్ని ఆటోలోకి లాక్కుని, ఒక్క నిమిషం ఆలోచించి, "ఇంటికి పోనియ్ బాబూ" అంది డ్రైవరుతో.

ఆటో దుమ్ము లేపుకుంటూ సందు తిరిగిపోయింది. సూరాయమ్మ ఆ దుమ్ముకేసి మంచి చెయ్యెత్తి దణ్ణం పెట్టింది.

"పెద్దవాళ్ళంటే అలా ఉండాలిరా! ఎంత దూరం వెళ్ళి ఆలోచిస్తోందో చూడండి. ఎవరూ కదలకండి, వచ్చేస్తది" అంది.